హేతువు నేర్పిన ఆచార్యుడు: ఆగస్టసు డి మోర్గను

విద్యయనగా నేమి యను ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు గలవు. తెలిసిన విషయములను విద్యార్థి మనస్సున నింపుట విద్య యని కొందఱి తలంపు. తెలియని విషయ మెదురైనప్పుడు దానిని తానై విచారించి తేల్చుకొనగల శక్తిని గలిగించుట విద్య యని మఱికొందఱి తలంపు. సభలలో నెల్లరును రెండవ పక్షమును మెచ్చుకొందురు; పాఠశాలలలో నెల్లరును మొదటి పక్షము ననుసరింతురు. కావున రెండవ పక్షమును ముప్పదిమూడేండ్లు తరగతి గదిలో నాచరించి చూపిన యొక యాచార్యుని చరిత్రమును పాఠకుల ముందుంచుట యుచితమని మేము తలంచుచున్నాము. తర్కమును గణితమును చదివినవారికి ఆగస్టసు డి మోర్గను పేరు రెండు సూత్రముల మూలమున పరిచితమే. ఆ సూత్రముల వెనుక నున్న గురువును మాత్రము మనము మఱచితిమి.

డి మోర్గను 1806వ సంవత్సరము జూను 27వ తేదీన మీనాక్షీదేవి కొలువైన మధురాపురమున జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యమున నుద్యోగి. శిశువు పుట్టి రెండు వారములు నిండకమునుపే, జూలై 10వ తేదీన, రాయవేలూరు కోటలో సిపాయిలు కంపెనీపై తిరుగబడిరి. శైశవముననే నేత్రవ్యాధివలన బాలునికి ఒక కన్ను పోయెను. ఏడు నెలల ప్రాయమున తలిదండ్రు లాతని నింగ్లండునకు గొనిపోయిరి. 1816లో తండ్రి మరణించెను. తల్లి పూర్వులలో జేమ్సు డాడ్సను అను గణితజ్ఞు డొకడు గలడు. అతడు 1742లో ప్రతిసంవర్గమానముల పట్టికను ప్రకటించి పేరొందినవాడు. మధురలో పుట్టినంత మాత్రమున డి మోర్గను మనవాడగునని మేము చెప్పబోము. జన్మస్థలముకంటె బలమైన సంబంధ మొకటి మన దేశముతో నాయనకు గలదు. దానిని ముందు చెప్పెదము.

1823లో ఆయన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలను జేరెను. పరీక్షకు నియమింపబడిన గ్రంథములతో తృప్తి చెందక, తనకు రుచించిన శాస్త్రముల నెల్ల విరివిగా చదువుట ఆయన యలవాటు. తత్ఫలముగా 1827లో జరిగిన గణిత పట్టపరీక్షలో నాల్గవ స్థానము మాత్రమే లభించెను. ఆయన శక్తి నెఱిగినవారు ఇంతకంటె మేలైన స్థానము నాశించియుండిరి. పోటీ పరీక్షలపై నాయనకు జీవితాంతమును విముఖత యుండెను. అది యోడినవాని యలుక కాదు. అంతటి విద్యాపీఠమున నాల్గవవానిగా నిలిచినవాడు ఓడినవాడెట్లగును? పరీక్షకై చదివిన చదువు పరీక్షతోనే సమాప్తమగునని ఆయన నమ్మకము.

పరీక్షలో నెగ్గినను కేంబ్రిడ్జి ద్వారములు ఆయనకు మూసికొనెను. ఎం. ఏ. పట్టమును, దానివెంట వచ్చు పదవులను పొందగోరువారు ఇంగ్లండు ప్రభుత్వ మతసూత్రములకు సమ్మతి తెలుపుచు సంతకము చేయవలసియుండెను. ఆయన చేయలేదు. తనకు నమ్మకములేని వాక్యముక్రింద పేరు వ్రాయుట ఆయనకు తర్కదోషముగా తోచినదో ధర్మదోషముగా తోచినదో చెప్పలేము. రెంటికిని భేదము లేదనియే ఆయన నడవడి చెప్పుచున్నది. ఆ సమయముననే, మతపరీక్ష లేక యెల్లరకు విద్య నొసగుటకై 1826లో స్థాపింపబడిన లండను విశ్వవిద్యాలయము తన తరగతులను తెఱవ సిద్ధమగుచుండెను. అదియే తరువాత యూనివర్సిటీ కళాశాల యని పిలువబడెను. 1828లో, ఇరువదిరెండేండ్లు నిండకమునుపే, డి మోర్గను అచ్చట గణితాచార్యుడయ్యెను.

ఆయన బోధనపద్ధతి వినుటకు సామాన్యముగా నుండును, ఆచరించుటకు కష్టము. ఉపన్యాసము ముగియగానే ఆనాటి విషయమునకు సంబంధించిన కొన్ని ప్రశ్నల నిచ్చెడివాడు. విద్యార్థులు వానిని తామే సాధించి తీసికొనిరావలెను. మఱుసటి యుపన్యాసమునకు పూర్వమే ఆ కాగితముల నన్నిటిని తాను చదివి, దిద్ది, తిరిగి యిచ్చెడివాడు. సగము తెలిసిన సూత్రమును పట్టుకొని లెక్కల వేగముగా చేయు నేర్పుకంటె, మూలతత్త్వము నొకదానిని సంపూర్ణముగా గ్రహించుట వేయిరెట్లు మేలని ఆయన మతము. వేగము ముందు వచ్చి యర్థము వెనుక వచ్చుట యెన్నడును జరుగదు. అర్థము ముందు వచ్చిన వేగము తానై వచ్చును.

ఈ మతమును ఆయన గ్రంథములలోను ప్రకటించెను. 1830లో అంకగణితముపై నొక గ్రంథమును, 1831లో గణితాభ్యాసమునందలి కష్టములనుగూర్చి మఱియొక గ్రంథమును వెలువరించెను. ఈ రెండవది గణిత మేల కష్టముగా తోచునో యారయ యత్నించిన గ్రంథము. బాలుడు సూత్రమును నమ్ముటకు ముందు హేతువు నడుగవలెను. హేతువును చెప్పలేని గురువు సూత్రమును చెప్పరాదు. ఇదియే దాని సారము. 1839లో తర్కప్రాథమికము లను చిన్న పుస్తకమును ప్రకటించెను. అది పండితులకు గాదు. రేఖాగణితమును ప్రారంభింపబోవు పిల్లలకు. యూక్లిడు సిద్ధాంతములలో బాలుడు తడబడుటకు త్రిభుజములు కారణము కావనియు, ఒక వాక్యమునుండి మఱియొక వాక్య మెట్లు వచ్చునో తెలియకపోవుట కారణమనియు ఆయన గుర్తించెను. కావున త్రిభుజమునకు ముందు తర్కమును నేర్పవలెనని చెప్పెను.

ఈ తడబాటు ఎట్టిదో మన యిండ్లనుండియే చూపవచ్చును. వాన కురిసిన వాకిలి తడియును. వాకిలి తడిసినది. కావున వాన కురిసినదని బాలుడు నిశ్చయించును. ఇల్లాలు కల్లాపి చల్లియుండవచ్చునని యాతనికి తోచదు. మన పూర్వులు ఈ దోషమును చక్కగ నెఱుగుదురు. ఆంధ్రుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారు పొగయు నిప్పును గూర్చిన విచారమును ఎఱిగియే యుందురు. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్నచోట నెల్ల పొగ యుండదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పచ్చికట్టె తోడైనప్పుడే పొగ వచ్చును. ఒక వాక్యమును తలక్రిందులు చేసిన సత్యము నిలుచునో లేదో యని యడుగు ఈ యలవాటే తర్కవిద్యకు తొలిమెట్టు. దీనిని శాస్త్రపండితుని సొత్తుగా నుంచక పాఠశాల బాలుని చేతికీయవలెనన్నది డి మోర్గను యత్నము.

1847లో ఆయన రూపతర్కమను పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆ యేడే జార్జి బూలు తర్కమును బీజగణితరీతిని నిరూపించు తన తొలి గ్రంథమును ప్రచురించెను. ఇరువురును మిత్రులు, ఒకరి కీర్తి కొకరు అసూయ పడలేదు. అరిస్టాటిలు నాటినుండి వచ్చిన తర్కము సమస్తమును చెప్పినదని పండితులు తలంచుచుండగా, డి మోర్గను ఒక చిన్న యుదాహరణముతో దాని కొఱతను చూపెను. గుఱ్ఱము జంతువు, కావున గుఱ్ఱపు తల జంతువు తల. ఇది బాలునికిని తెలిసిన సత్యము. అయినను పాత తర్కమున నే సూత్రమును దీనిని నిరూపింపజాలదు. ఏలనన పాత తర్కము వస్తువు గుణములను చెప్పునేగాని, తల మొండెముల వంటి సంబంధములను చెప్పదు. ఈ సంబంధతర్కమునకు 1860లో ఆయన పునాది వేసెను.

ఆయన పేర వెలసిన రెండు సూత్రములును ఇట్టి నిత్యవ్యవహారమునకు సంబంధించినవే. రామయ్యయు సోమయ్యయు ఇద్దఱును వచ్చిరనుట యబద్ధమైనచో, ఇద్దఱును రాలేదని యర్థము కాదు. కనీస మొకడు రాలేదని మాత్రమే యర్థము. రామయ్యగాని సోమయ్యగాని వచ్చెననుట యబద్ధమైనచో, అప్పుడు ఇద్దఱును రాలేదు. మధ్యయుగపు ఐరోపా తార్కికులకు ఈ భావము తెలియును. దానికి గణితరూప మిచ్చి వాడుకలోనికి తెచ్చినది డి మోర్గను. న్యాయస్థానమున సాక్షి మాటను, ఎన్నికలలో నాయకుని వాగ్దానమును, అంగడిలో వర్తకుని పలుకును తూచుటకు ఈ రెండు సూత్రములును త్రాసు వంటివి. ఈనాడు గణనయంత్రముల వలయములును ఈ సూత్రముల ననుసరించియే నిర్మింపబడుచున్నవి.

గణితానుగమనమను ప్రమాణపద్ధతి పూర్వమునుండియు నున్నను, 1838లో దానికా పేరు స్థిరపఱచినదియు ఆయనయే. ఆ పద్ధతి యెట్టిదో మన ముంగిటి ముగ్గులో చూడవచ్చును. ఒకటి, మూడు, ఐదు, ఏడు అను బేసిసంఖ్యలను వరుసగా కూడుచు పోయిన 1, 4, 9, 16 అను వర్గములు వచ్చును. నాలుగు మాఱులు చూచి, ఎల్లప్పుడు నిట్లే యగునని చెప్పుట ఊహ. ఐదేసి చుక్కలు గల యైదు వరుసల చదరము నొకదానిని తీసికొని, ఒక ప్రక్క ఐదు, క్రింద ఐదు, మూలను ఒకటి చేర్చిన, అనగా తరువాతి బేసిసంఖ్యయగు పదునొకటి చేర్చిన, ఆఱు చుక్కల చదరమగును. ఏ చదరమునకైనను ఇట్లే యగునని చూపుట నిరూపణము. ఊహకును నిరూపణమునకును నడుమనున్న గోడను విద్యార్థి యొకమాఱు చేతితో తడవి చూచెనేని, జీవితమున మఱి మఱవడు.

శిష్యుల నిట్లు పెంచిన గురువునకు వారినుండియే ప్రశ్నలు వచ్చుట సహజము. 1852 అక్టోబరు 23వ తేదీన ఫ్రెడరికు గత్రీ యను విద్యార్థి ఒక సందేహమును దెచ్చెను. అది యాతని యన్న ఫ్రాన్సిసు గత్రీకి తోచినది. పటమున నే దేశములైనను, హద్దును పంచుకొనువానికి ఒకే రంగు రాకుండ నింపుటకు నాలుగు రంగులు చాలునా? డి మోర్గనునకు సమాధానము తెలియలేదు. తెలియదని దాచలేదు, తరగతికి సంబంధింపదని తోసిపుచ్చలేదు. ఆనాడే డబ్లినులోని మహాగణితజ్ఞుడు హామిల్టనునకు దానినిగూర్చి జాబు వ్రాసెను. హామిల్టను ఆసక్తి చూపకున్నను, డి మోర్గను ఆ ప్రశ్నను విడువక పండితులలో వ్యాపింపజేసెను. 1879లో కెంపు దానికి నిరూపణ మిచ్చెను. 1890లో హీవుడు అందు దోషమును చూపెను. తుదకు 1976లో అమెరికాలో ఆపెలు, హాకెను అను నిరువురు గణనయంత్ర సహాయమున దానిని సాధించిరి. విద్యార్థి యడిగిన ప్రశ్న నూటయిరువదినాలుగేండ్లు లోకమును పని చేయించెను. ఆనాటి గురువు విసుగుకొని కసరియుండిన అది ఆ సాయంకాలమే యణగిపోయి యుండెడిది.

తరగతికి రాలేనివారిని ఆయన విడిచిపెట్టలేదు. సామాన్యజనులకై చౌకగా వెలువడిన పెన్నీ సైక్లోపీడియాకు వందలకొలది వ్యాసములు వ్రాసెను. కవి బైరను కుమార్తె ఏడా లవ్లేసునకు 1840, 1841లలో జాబుల మూలమున గణితము నేర్పెను. ఆమెయే 1843లో బాబేజి యంత్రముపై ప్రసిద్ధ వ్యాఖ్యలను వ్రాసినది. ఆమె బుద్ధిశక్తిని డి మోర్గను మిక్కిలి మెచ్చెను. అయినను అంతటి గణితశ్రమ స్త్రీ దేహమునకు ఓర్వరానిదని 1844లో ఆమె తల్లికి వ్రాసెను. ఇచ్చట ఆచార్యుడు తన కాలపు దురభిప్రాయమును హేతువుగా భ్రమించెను. ప్రతివాక్యమునకు నిరూపణ మడిగినవాడు ఈ వాక్యమునకు నిరూపణ మడుగలేదు. తర్కము నెఱిగినవానికిని, అలవాటు కప్పిన మూలలు కొన్ని యుండునని దీనివలన మనము గ్రహింపవలెను.

ఇక మన దేశముతో నాయనకు గలిగిన సంబంధమును చెప్పెదము. ఢిల్లీ కళాశాలలో ఉరుదూ భాషలో శాస్త్రములను బోధించిన రామచంద్ర యను నుపాధ్యాయుడు, 1850లో స్వంత వ్యయముతో కలకత్తాలో నొక గ్రంథమును ముద్రింపించెను. గరిష్ఠ కనిష్ఠ ప్రశ్నలను చలనకలనమను పాశ్చాత్యగణితము లేకయే బీజగణితముతో సాధించుట ఆ గ్రంథవిషయము. పదిని రెండు భాగములు చేసి, వాని గుణితము మిక్కిలి పెద్దదగునట్లు చేయవలెననుకొందము. ఒక భాగము తెలియదు, గుణితమును తెలియదు. రెంటిని సమీకరణమున నుంచి వర్గమూలము తీయబోగా, మూలముక్రింద ఇరువదియైదునుండి గుణితమును తీసివేసిన శేషము వచ్చును. ఆ శేషము ఋణమైనచో మూలమే లేదు. కావున గుణితము 25కు మించదు. భాగములు రెండును ఐదేసి. ఇంతే యుపాయము. భాస్కరాచార్యుని బీజగణితము నెఱిగిన బాలునికిది పరాయి విద్యగా తోచదు.

కలకత్తా విమర్శకులు ఆ గ్రంథము నాదరింపలేదు. బెథ్యూను దొర దాని ప్రతులను డి మోర్గనునకు పంపెను. ఆయన దానిని చదివి, ఇది కేవల మొక ఉపాధ్యాయుని చమత్కారము కాదనియు, బీజగణితమున నొకనాడు లోకమునకు దారి చూపిన జాతి బుద్ధి మరల చిగిర్చుటకు గుర్తనియు భావించి, కంపెనీ డైరెక్టర్లకు వ్రాసెను. రామచంద్రునకు ప్రభుత్వ బహుమానము లభించెను. డి మోర్గను పర్యవేక్షణమున, ఆయన విపులమైన పీఠికతో, ఆ గ్రంథము 1859లో లండనులో పునర్ముద్రణము పొందెను. భారతీయులకు విద్య నేర్పుటయనగా, వారికున్నదానిని తుడిచి పైనుండి క్రొత్తదానిని పోయుట కాదనియు, వారి బుద్ధికి సహజమైన మార్గముననే వారిని ముందుకు నడిపించుట యనియు ఆ పీఠికయందలి భావము. 1857 తరువాత రెండేండ్లకే, ఇంగ్లండులో మన దేశముపై క్రోధ మింకను చల్లాఱని దినములలో, ఈ మాట లండనులో అచ్చయ్యెనని పాఠకులు గమనింతురుగాక. విద్యార్థి స్వబుద్ధిని గౌరవించవలెనని తరగతిలో చెప్పిన నియమమునే ఆయన యొక జాతికంతకును వర్తింపజేసెను.

తన నియమమును తన జీవితమునకు వర్తింపజేయుటయందును ఆయన వెనుదీయలేదు. 1831లో కళాశాలాధికారులు శరీరశాస్త్రాచార్యు నొకనిని తొలగించిరి. నిర్దోషియైన ఆచార్యుని సయితము తీసివేయవచ్చునను సూత్రమును తా నంగీకరింపజాలక ఆయన పదవిని విడిచెను. తన స్థానమున వచ్చినవాడు 1836లో ప్రమాదవశమున నీట మునిగి మరణింపగా, అధికారుల కోరికపై మరల వచ్చి ముప్పదియేండ్లు పని చేసెను. 1866లో తర్కమును మనశ్శాస్త్రమును బోధించు స్థానమునకు జేమ్సు మార్టినో యను విద్వాంసుని పేరు వచ్చెను. అతడు యూనిటేరియను మతబోధకుడగుటచే అతనిని నిరాకరించిరని డి మోర్గను నిశ్చయించెను. మతభేదము లేదని ప్రతిజ్ఞచేసి వెలసిన సంస్థ ఆ ప్రతిజ్ఞను తానే భంగపఱచినది. అట్టిచోట తనకు చోటు లేదని మరల రాజీనామా నిచ్చి, మఱి తిరిగిరాలేదు. ఆధారవాక్యమును అంగీకరించినవాడు దానినుండి వచ్చు ఫలితమును, తనకు నష్టమైనను, అంగీకరింపవలెను. తర్కపాఠములలో నెల్ల కఠినమైన పాఠ మిదియే.

1865లో లండను గణితసంఘమునకు ఆయన మొదటి యధ్యక్షుడయ్యెను. దానిని స్థాపింప బూనుకొన్నవారిలో ఆయన కుమారుడు జార్జి యొకడు. 1867లో ఆ కుమారుడు గతించెను. ఆ దుఃఖమునుండి తండ్రి కోలుకొనలేదు. 1871 మార్చి 18వ తేదీన డి మోర్గను కన్నుమూసెను. కేంబ్రిడ్జి మొదలగు పీఠములలో మతపరీక్షలను తొలగించు చట్టము ఆ యేడే, ఆయన పోయిన కొలది నెలలకు, వెలువడెను.

ఈ చరిత్రము మనకేల యని కొంద ఱడుగవచ్చును. నేడు తెలుగునాట ప్రవేశపరీక్షలకై సిద్ధము చేయు శిక్షణాలయములు లేని పట్టణము లేదు. ఉదయమునుండి రాత్రివఱకు బాలురు ప్రశ్నలను సాధించుచునే యున్నారు. లెక్కల సంఖ్యను చూచిన డి మోర్గను శిష్యులు వీరిముందు నిలువలేరు. కాని నాలుగు సమాధానములలో నొకదానిని నిమిషములో గుర్తించుట వేఱు, సమాధాన మెట్లు వచ్చెనో చెప్పుట వేఱు. మొదటిదానిని గుఱుతుపెట్టుకొన్న నమూనాలతో నెట్టుకొని రావచ్చును. నమూనాలో లేని ప్రశ్న జీవితమున నెదురైనప్పుడు ఆ బాలుని గతి యేమి? పిల్లలను మేము నిందింపము. వారికి ప్రశ్న నిచ్చినవారు హేతువు నడుగలేదు.

ఇందుకు క్రొత్త భవనములు నక్కఱలేదు, క్రొత్త యంత్రములు నక్కఱలేదు. ఉపాధ్యాయుడు దినమునకు పది లెక్కలకు బదులు మూడే యీయవచ్చును. సమాధానమునకు గాక మెట్టు మెట్టునకు గుణము లీయవచ్చును. తప్పిన మెట్టును దిద్ది మఱునాటికే కాగితమును తిరిగి యీయవచ్చును. వాక్యమును తలక్రిందులు చేసిన నిలుచునా యని వారమున కొకనాడైన అడుగవచ్చును. తనకు తెలియని ప్రశ్నను బాలుడు దెచ్చిన, తెలియదని చెప్పి, తెలిసినవారికి జాబు వ్రాయవచ్చును. అయితే మూడు లెక్కలే యిచ్చిన యుపాధ్యాయుని, పది యేల యీయలేదని తలిదండ్రులు నిలదీయుచున్నంతకాలము, ఏ యుపాధ్యాయునికిని ఈ ధైర్యము రాదు. బిడ్డ యింటికి వచ్చినప్పుడు ఎన్ని మార్కులు వచ్చెనని యడుగుటకు మాఱు, నేడు నేర్చినదానిలో నొకదానిని నాకు నచ్చజెప్పుమని తల్లియో తండ్రియో యడుగుట ప్రారంభించిన, మన పాఠశాలల మార్పు ఆనాడే మొదలగునని మా విశ్వాసము.